స్వర్ణముఖి ఇసుక నుండి యంత్రపు టుప్పు వరకు

1862వ సంవత్సరమున మద్రాసు రైల్వేవారి వాయవ్యపు దారి అరక్కోణమునుండి బయలుదేరి రేణిగుంటను చేరినప్పుడు ఆ యూరికి ఇనుపపట్టాలతోపాటు ఒక క్రొత్త దాహము కూడ వచ్చెను. ఆవిరియంత్రమునకు బొగ్గెంత యవసరమో నీరును అంత యవసరము. అయినను అది దొరికిన నీరెల్ల త్రాగునది కాదు. సున్నపు లవణములును మెగ్నీషియపు లవణములును అధికముగా గల నీటిని మరల మరల కాచినచో బాయిలరు గొట్టములకు తెల్లని పెచ్చు గట్టి, మంటవేడిని నీటికి చేరనీయక, బొగ్గును వృథచేసి, తుదకు గొట్టములనే చెరచును. కావున బండ్లు నిలిచి నీరు పట్టుకొను ప్రతి కూడలియందును ఆ నీటి గుణదోషములను విచారించుట ఇంజనీర్లకు తప్పని పని యయ్యెను. అట్టి విచారణనే ఆ యూరి స్త్రీలు అంతకు పూర్వము తరతరములుగా చేయుచుండిరి. ఏ బావినీట కందిపప్పు మెత్తగా నుడుకునో, ఏ నీట కుంకుడుకాయ నురుగు పట్టునో, ఏ నీట కడిగిన చెంబుపై ఆరినపిదప తెల్లని చారలు తేలునో వారికి కరతలామలకము. ఈ రెండు విచారణలును ఒకదాని నొకటి యెరుగకయే శతాబ్దమునకు మించి ప్రక్కప్రక్కల సాగి, తుదకు డిష్‌వాషరను పెట్టెలో కలిసికొన్నవి. పాత్రశుద్ధి చరిత్రను వ్రాయువారు సాధారణముగా పొడుల పేర్లును యంత్రముల పేర్లును చెప్పి ముగింతురు. నాకు మాత్రము అది మొదటినుండి చివరివరకును నీటి చరిత్రగానే కానవచ్చుచున్నది.

చంద్రగిరి కొండల ప్రాంతమున పుట్టి, తిరుపతి, రేణిగుంట సీమల మీదుగా పారి, శ్రీకాళహస్తి క్షేత్రము నొరసికొని సముద్రమున గలియు స్వర్ణముఖి, పేరునకు నదియే గాని సంవత్సరములో నధికభాగము ఇసుకమేట. వానలు వెనుకబడిన తరువాత ఆ యిసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన తేటనీటిని ముంతలతో ముంచుకొనుట ఏటియొడ్డు పల్లెలవారికి నిత్యకృత్యము. ఏటి నీరు, అందును వాననీరు ఇసుకలో వడిసి నిలిచిన నీరు, లోతు రాతిపొరలలో చిరకాలము నిలువయున్న నీటివలె లవణములను మోయదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తమ వస్త్రములను పారునీటనే జాడించి రంగులను తేల్చుకొను వాడుకయు ఈ యేటి చలువయే. పాత్రలు తోముటకు ఆ ఏటియొడ్డుననే నీరును, ఇసుకయు రెండును దొరకెడివి. మెత్తని ఇసుకయైనను ఇత్తడిపై గీతలు పెట్టునని యెరిగినవారు దానిని అడుగంటిన సట్టెలకును, మసిబట్టిన అడుగులకును మాత్రమే వాడుచుండిరి.

నాటి వంటయింట తోమవలసిన వస్తువులే తక్కువగా నుండెడివన్న మాటను నేటివారు మరచిపోవుదురు. భోజనము విస్తరిలో, అది అరటియాకైనను, అడ్డాకులు కుట్టినదైనను, మోదుగాకులదైనను, తినిన వెంటనే పెంటలోనికో పశువు నోటిలోనికో పోవునది. వంట మట్టికుండలలో, మట్టికుండకు మైలసోకినచో తోముటకంటె పారవేసి క్రొత్తది తెచ్చుకొనుట సులభము. తిరుమల శ్రీనివాసునకు నిత్యమును పెరుగన్నమును క్రొత్త మట్టి యోటిలో నివేదించు ఆచారము నేటికిని నడచుచున్నది. కుమ్మరియైన భీముడను భక్తుని భక్తికి మెచ్చి స్వామి ఆ మట్టిపాత్రను స్వీకరించెనని స్థలపురాణము చెప్పును. ఆ కథలోని భక్తి నటుంచి గృహిణి కన్నులతో చూచినను, దినమున కొక క్రొత్త పాత్ర యనునది పాత్రశుద్ధికి పరమోత్కృష్టమైన పరిష్కారమే. కుమ్మరి ఆవము ఊరికి దగ్గరగా నున్నంతకాలము అది పేదవానికిని అందుబాటులోనిదే.

అయినను రాగిబిందెలు, ఇత్తడి గుండిగలు, కంచుగిన్నెలు, ఇనుపబాణలులు కొంచెమో గొప్పో ప్రతి యింటను ఉండెను. వానిని బోకులని యీ సీమవారు పిలుతురు. వానిని తోముటకు పొయ్యిలోని బూడిదయే ప్రధానద్రవ్యము. కట్టెబూడిదలో పొటాసియము కార్బొనేటను క్షారము కలదు. అది తడిసినపుడు జిడ్డును కొంత సబ్బువలె మార్చి నీట కరిగించును. వరిపొట్టు బూడిదలోని సన్నని సిలికా పలుకులు మెత్తని రాపిడి నిచ్చును. ఈ రెండును కొబ్బరిపీచునకు పట్టించి తోమిన పాత్రకు జిడ్డు నిలువదు. నేటి యంత్రపు పొడిలోని సోడియము కార్బొనేటు ఆ బూడిదకు దూరపు చుట్టము కాదు, తోడబుట్టినదే. రాగి యిత్తడులపై గట్టు నల్లదనమునకును పచ్చని చిలుమునకును బూడిద చాలదు. అక్కడ ఆమ్లము కావలయును. చింతచెట్లకు పేరుపడిన చిత్తూరు సీమలో పులుసు పిండుకొన్న తరువాతి చింతపండు పిప్పిని ఒక చిప్పలో దాచి, సాయంకాలము బిందెలకు రాయుట ఆ కొరతను తీర్చెను. అందలి టార్టారిక్ ఆమ్లము లోహపు టాక్సైడును కరిగించి లోపలి మెరుగును బయటపెట్టును. క్షారము జిడ్డునకు, ఆమ్లము చిలుమునకు, రాపిడి మసికి. ఏది దేనికో తెలిసికొనక అన్నిటికిని ఒకే పొడి చల్లుట అటుతరువాతి కాలపు అలవాటు.

ఈ క్రమములో మిక్కిలి తెలివైన ఏర్పాటు కుడితితొట్టి. రాగిసంగటి చేసిన సట్టెను వెంటనే తోమబోయినచో చేతులు నొచ్చునే గాని అడుగు వదలదు. నీరు పోసి నానబెట్టి, మరునాడు ఆ మెతుకుల కలినీటిని కుడితిలో గుమ్మరించి, ఆ తరువాతనే బూడిద ముట్టించుట పద్ధతి. బియ్యపు కడుగు, గంజి, అన్నపుగిన్నెల తొలికడుగు సర్వమును పశువునకే. పశువు త్రాగు నీటిలో బూడిదయో కుంకుడో పడరాదు. కావున తొలికడుగును మలికడుగును వేరుపడినవి. పాడి యీ సీమ కుటుంబములకు చిరకాలపు జీవనాధార మగుటచేత, పాత్రలు కడుగు వరుసను నిర్ణయించినది శుచి యెంతయో, ఎనుము కూడ అంతయే. సబ్బుపొడి ప్రవేశించినపుడు ఆ రెండు కడుగుల భేదము నశించి, కుడితితొట్టి ఎండిపోయెను. ఆ నష్టమును ఎవరును లెక్కపెట్టినట్లు కానరాదు.

ఇంత చెప్పి పాతకాలమును పొగడుట నా యుద్దేశము కాదు. బూడిదలో చేయి పెట్టినవారి గోళ్ళును, పీచుకు కోసికొన్న వేళ్ళును, తెల్లవారుజామున జలదారి దగ్గర వంగిన నడుములును స్త్రీలవి. అందులోను ఎంగిలి కంచములను ముట్టువారెవరు, మడిబిందెను ముట్టరానివారెవరు అను కట్టుబాటు కులమును బట్టి నిలిచినది. పూర్వపు శుభ్రతను స్మరించి పరవశించు పురుషులలో పీచు పట్టినవారు అరుదు.

రైలు వచ్చిన తరువాత రేణిగుంటలో వంటకంటె వడ్డన ముఖ్యమయ్యెను. 1871లో ఈ దారి రాయచూరు వద్ద బొంబాయినుండి వచ్చు దారితో కలియుటచే మద్రాసు బొంబాయిల నడుమ ప్రయాణించువారందరును ఈ స్టేషనును దాటిపోవలసి వచ్చెను. తిరుపతి యాత్రికులు ఇచ్చట దిగి బండి మారెడివారు. మండువేసవిలో ప్లాట్‌ఫారముపై నిలిచిన ఆ జనము తమ చెంబులను తామే తెచ్చుకొనిరి. పరుల లోటాలో నీరు త్రాగుట అప్పటి వారిలో ఎందరికో సమ్మతము కాదు. దక్షిణదేశపు పెద్ద స్టేషనులలో శాకాహారులకును, ఇతరులకును, దొరలకును వేర్వేరు భోజనశాలలుండుట ఆ కాలపు రీతి. ఎంగిలిపాత్రను నూరుమంది పరాయివారికై ఒకేచోట కడుగుట, అదియు బండి కదలులోపల కడుగుట, పల్లె యెరుగని క్రొత్త వృత్తి. వేడినీటి తొట్టి, చన్నీటి తొట్టి, బోర్లించు బల్ల అను హోటలు పెరటి వరుస అట్టి తొందరలో పుట్టినదే.

ఆ పెరడులలోనికి త్వరలో వచ్చిన లోహము సత్తు, అనగా అల్యూమినియము. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ వేర్వేరుగా విద్యుత్తుతో దానిని చౌకగా రాబట్టు విధానమును కనిపెట్టిరి; 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ దానితో పాత్రలు చేయించ నారంభించెను. తేలికయు చౌకయు నగుటచే సత్తుగిన్నె దక్షిణదేశపు పేదయిండ్ల కెల్ల ప్రాకెను. కళాయి యక్కరలేదు గదా యని దానిని మెచ్చుకొనిరి. ఇత్తడికైతే కళాయివాడు రావలయును. వీథి మొగదల గుంతత్రవ్వి, కొలిమితిత్తి యమర్చి, పాత్రను కాచి, నవాసారము చల్లి, కరగిన తగరమును దూదితో లోపలంతయు రుద్ది నీట ముంచునప్పటికి పిల్లలందరు చుట్టును గుమికూడుదురు. ఆ కళాయి పోయిన గిన్నెలో చారు కాచిన చిలుము దిగునను భయముచేతనే ఇత్తడి యిండ్లలో సంవత్సరమున కొకసారియైనను ఆతని రాకకై ఎదురు చూచుచుండిరి.

ఎవరుసిల్వరు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు, వచ్చి ఇత్తడిని, సత్తును రెంటిని వెడలగొట్టినది. 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ వెలువరించిన త్రుప్పుపట్టని యుక్కు మనదేశమున స్వాతంత్ర్యానంతరము గాని సామాన్యుల యిండ్లకు రాలేదు. వచ్చినపిదప పెండ్లిసారెలో అదియే ప్రథమస్థాన మాక్రమించెను. దానికి చింతపండు పనిలేదు, కళాయి పనిలేదు. పొయ్యి స్థానమున గ్యాసు వచ్చుటచే బూడిదయు లేకపోయెను. ఇక సబీనా, విమ్ము వంటి పొడులు, 1993 నుండి విమ్ము బిళ్ళయు బూడిదచిప్ప నాక్రమించెను. మంచినీట ఇవన్నియు చక్కగా పనిచేయును.

కాని నీరు మారిపోయినది. ఏరులు ఎండి, బావులు అడుగంటి, బోరులు లోతునకు పోయినకొలది రాతి పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు పైకి వచ్చుచున్నది. కాల్షియము, మెగ్నీషియము దానిలో అధికము. త్రాగునీటి కఠినత లీటరునకు 200 మిల్లీగ్రాములవరకు సమ్మతమనియు, వేరు దారి లేనిచో 600 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారతీయ ప్రమాణసంస్థ చెప్పినది. బోరునీట సబ్బు నురుగు రాకముందే సున్నముతో కలిసి జిగురైన మడ్డిగా మారి గిన్నెకే పట్టుకొనును. ఎవరుసిల్వరు గ్లాసుపై పాలపొర వంటి తెలుపు తేలుట, పంపుమూతికి రాయి గట్టుట రాయలసీమ గృహిణికి వివరింప నక్కరలేదు.

ఇట్టి స్థితిలో డిష్‌వాషరు వచ్చినది. అల్యూమినియము చౌకయైన ఆ 1886లోనే, డిసెంబరు 28న, అమెరికాలోని షెల్బీవిల్ వాస్తవ్యురాలు జోసెఫీన్ కాక్రేన్ తన పాత్రశుద్ధి యంత్రమునకు పేటెంటు పొందెను. పనివారు పింగాణిని పగులగొట్టుచున్నారని విసిగి ఆమె దీనిని కల్పించెనని చెప్పుదురు. అంతకు పూర్వపు యంత్రములలో కొన్ని బ్రష్షులతో రుద్దజూచినవి. ఈమె తీగెలతో పళ్ళెమున కొకటి, గిన్నె కొకటి ఇమిడిన అరలు కట్టి, నీటి వేగమునకే పని యప్పగించెను. 1893లో చికాగో విశ్వప్రదర్శనమున ఆ యంత్రములు ప్రశంస లందుకొన్నవి. కొన్నది మాత్రము హోటళ్ళును ఆసుపత్రులును. ఇండ్లలో అంత వేడినీరు లేదు. ఉన్నచోట కఠినజలములో నాటి సబ్బు గిన్నెలపై పొర వదలుచుండెను. ఆ చిక్కు విప్పినది వంటయిల్లు కాదు, బాయిలరు! 1930ల దశాబ్దిలో పిట్స్‌బర్గున బాయిలరు పెచ్చును నివారించు పరిశోధననుండి వెలువడిన కాల్గాన్ అను ఫాస్ఫేటు లవణము సున్నమును నీటిలోనే బంధించి యుంచును. అదియే యంత్రపు పొడులలో చేరగా గ్లాసులు మెరిసినవి. రేణిగుంటలో నీటికై నిలిచిన ఆవిరియంత్రపు బాధయు, గిన్నెపై తెలుపు చూచి నొసలు చిట్లించిన ఇల్లాలి బాధయు ఒక్కటే యన్నమాట ఇచ్చట ఋజువైనది.

తరువాత ఫాస్ఫేటులు చెరువులలో చేరి నాచును పెంచి చేపలను చంపుచున్నవని తేలి, 2010లో అమెరికాలోని పెక్కు రాష్ట్రములును, 2017లో ఐరోపా సమాఖ్యయు ఇంటి యంత్రపు పొడులలో వానిని దాదాపు నిషేధించినవి. వెంటనే తెల్లపొర తిరిగి వచ్చినదని గృహస్థులు మొరపెట్టిరి. అప్పటినుండి పొడికంటె నీటిని మెత్తబరచుటయే ముఖ్యోపాయ మయ్యెను. అమెరికాకు వలసపోయిన తెలుగువారిలో పలువురు మాత్రము ఈ చర్చలేవియు పట్టించుకొనక, చేతితో తోమిన గిన్నెలను ఆరబెట్టు అలమరగా ఆ యంత్రమును వాడుకొనిరి. మనదేశమున 2020 మార్చి 25న లాక్‌డౌన్ ఆరంభమై, పనిమనుషులు రాలేని దినములలో నగరములందు దీని గిరాకి ఒక్కసారిగా పెరిగెను. అప్పటి కొనుగోళ్ళలో కొన్ని, గిన్నెలు సరిగా తోమబడుట లేదను ఫిర్యాదుతో, నేడు మూతపడి యున్నవి. ఆ ఫిర్యాదులో దోషము తరచుగా యంత్రమునది కాదు.

ఈ సీమలో యంత్రమును పెట్టుకొన్నవారు మొదట చేయవలసినది నీటిని పరీక్షించుట. కఠినతను తెలుపు కాగితపు పట్టీ యంత్రముతోనే వచ్చును. లేనిచో బజారున దొరకును. యంత్రపు టడుగున రెసిన్ గుళికల పెట్టె యొకటి కలదు. ఆ గుళికలు నీటిలోని కాల్షియమును తాము పట్టుకొని బదులుగా సోడియమును వదలును. అలసినపుడు ఉప్పునీట కడిగినచో తేరుకొనును. ఇదే యంత్రపు టుప్పు ప్రయోజనము. చౌకయని కళ్ళుప్పు పోయువారు కలరు. దానిలో మెగ్నీషియమును మట్టియు నుండుటచే తొలగింపవలసిన దానినే లోపలికి పంపినట్లగును. సన్నని అయొడీనుప్పులో గడ్డకట్టకుండ కలుపు పదార్థములు గుళికలను మూసివేయును. యంత్రమునకై అమ్ము ముతక ఉప్పునే వాడి, పట్టీ చూపిన అంకెకు యంత్రమును సరిచేయవలయును. వేసవిలో బోరునీరు, తక్కిన కాలమున తెలుగుగంగ కాలువ నీరు వచ్చు ఇండ్లలో ఈ అంకెను మార్చుచుండుట అవసరము. మెత్తని నీటికిని గట్టినీటి కొలత నుంచినచో గాజుగ్లాసులు మసకబారి మరల మెరయవు.

ఇక రెండవది తొలికడుగు. మెతుకులు, ములగకాడ పిప్పి దులిపివేయుట చాలును. పంపుక్రింద నున్నగా కడిగి పెట్టుట వృథ. పొడిలోని ఎంజైములు పిండిపదార్థమును, మాంసకృత్తులను కొరికి తినునవి. వానికి పని లేకుండ చేయరాదు. సంగటిసట్టె, పాలగిన్నె మాత్రము పూర్వమువలె నానవలసినదే. కరివేపాకు రెబ్బలును ఆవగింజలును ఈ యంత్రమునకు బద్ధశత్రువులు. ఆకులు అడుగు జల్లెడను మూసివేయును, గింజలు తిరుగుడు చేతుల రంధ్రములలో చిక్కును. జల్లెడను వారమున కొకసారి విప్పి కడుగనివానికి యంత్రమును నిందించు హక్కు లేదు.

గిన్నెలను ఒకదానిలో నొకటి ఇమిడ్చి కుక్కుట మన అలవాటు. అరలలో స్థలము చాలలేదని చేయు ఆ పని వలన లోపలిగిన్నెకు నీరే తగలదు. కాక్రేన్ అరలు కట్టినది అందుకే. ప్రతి గిన్నె నోరును నీటి ధారవైపు వాలియుండవలయును. నూనె వంటలకు 65 డిగ్రీలకు పైబడిన వేడి గల వరుసను ఎన్నుకొనవలయును. సామాన్యపు గిన్నెల ద్రవమును పోసినచో నురుగు పొంగి ధార వేగము చచ్చును. కడపటి కడుగులో రిన్స్ ఎయిడ్ అను ద్రవము నీటిబొట్టును పలుచని పొరగా జార్చును గనుక మచ్చ నిలువదు. అప్పటికిని లోపల సున్నము గట్టినచో నిమ్మఉప్పు వేసి ఖాళీగా ఒకసారి తిప్పిన వదలును. పసుపంటిన ప్లాస్టిక్ డబ్బాను మాత్రము ఎండలో నుంచుటయే మందు. పొడి కొనునపుడు ఫాస్ఫేటు లేనిదానిని కొనుడని నా మనవి, ఏలయన ఈ పల్లపు మురుగు పారునది స్వర్ణముఖి వైపునకే.

ఎవరుసిల్వరు, గాజు, పింగాణి ఈ యంత్రమునకు సొంతబిడ్డలు. సత్తుగిన్నె, సత్తుకుక్కరు అందు పెట్టినచో క్షారము పైపొరను కరిగించి నల్లబరచును. ఒకే యేట వెలసిన ఈ రెండు కల్పనలకును నేటికిని పొత్తు కుదరలేదు. ఇత్తడి కుందులను చింతపండునకే విడువవలయును. రాతిచిప్పలను, మట్టిసట్టెలను నానబెట్టి తోమి ఎండబెట్టుకొనవలయును. దోసెల పెనమును యంత్రమునకే కాదు, సబ్బునకు కూడ చూపరాదు. ఉల్లిపాయను సగముకోసి నూనెలో ముంచి రుద్దిన చాలును.